చెన్నై పెరంబూరులో మా పేట హాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హాలు తాళం చేతికొచ్చి 12 ఏళ్లయింది. ఫోన్ ఎత్తగానే వినపడే ప్రశ్నలు ఓ పాతిక ఉంటాయి. అడిగేవాళ్లు మారతారు గాని ప్రశ్న మారదు. నెల్లూరు నుంచి నిన్న దిగినవాళ్లూ అదే అడుగుతారు, ఇక్కడే పుట్టి మనవల్ని ఎత్తుకున్నవాళ్లూ అదే అడుగుతారు. చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అది కల్యాణ మండపమా, భజన మందిరమా, క్లబ్బా? ఏమిటో అర్థం కావట్లేదు

మూడూ కాదు. ఒక పాత ఇంటి కింది భాగం అద్దెకు తీసుకున్నాం. ఒక పెద్ద గది, ఒక చిన్న గది, వెనక పెరట్లో పొయ్యి పెట్టుకునే చోటు. 60 ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో ఏడెనిమిది కాళ్లు వంగినవి. రెండు క్యారమ్ బోర్డులు, ఒక బీరువా నిండా తెలుగు, తమిళ పుస్తకాలు, తెల్లారే వచ్చే రెండు దినపత్రికలు, ఒక బీపీ మిషను. సాయంత్రం 5 నుంచి 8 దాకా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. పేటలో డబ్బు ఖర్చు పెట్టకుండా, దేవుడికి దణ్ణం పెట్టకుండా ఊరికే కూర్చోగల చోటు ఇంకోటి ఉంటే చెప్పండి, నేనూ వస్తాను.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా. మళ్లీ గది, అద్దె, కరెంటు బిల్లు ఎందుకు?

గ్రూపులో ఎవరు ఏం పెట్టారో తెలుస్తుంది. ఎవరు ఏమీ పెట్టలేదో తెలియదు. 200 మంది ఉన్న గ్రూపులో ఒక మనిషి నాలుగు రోజులు మాట్లాడకపోతే ఎవరు గమనిస్తారు? గదిలో అలా కాదు. కుర్చీ ఖాళీగా కనపడుతుంది.

బిన్నీ మిల్లులో పనిచేసి, 1996లో మిల్లు మూతపడ్డాక ఇక్కడే ఉండిపోయిన పెద్దాయన ఒకరు రోజూ 5 గంటలకు వచ్చేవారు. కిటికీ పక్క కుర్చీ ఆయనది. క్యారమ్‌లో ఎర్ర కాయిన్ పడితే పైకి ఏమీ అనరు గాని మీసం సవరించుకుంటారు. ఒకరోజు 5.20 అయినా రాలేదు. ఆయనతో రోజూ ఆడే కుర్రాడు, ఇంజనీరింగ్ రెండో ఏడు పిల్లాడు, "తాతయ్య రాలేదేంటి?" అని చెప్పులేసుకుని వెళ్లాడు. ఆయన పొద్దున బాత్‌రూములో జారిపడ్డారు. తుంటి విరిగింది. ఫోన్ పక్కగదిలో మోగుతూనే ఉంది. తలుపు పగలగొట్టి తీసుకెళ్లారు. పుణెలో ఉన్న కొడుకు ఆ పూట నాలుగుసార్లు ఫోన్ చేశాడట, "నాన్న నిద్రపోతున్నారేమో" అనుకున్నాడట. కొడుకు తప్పేం లేదు. పుణె నుంచి కుర్చీ కనపడదు.

మా ఆయన తమిళులు, ఇంట్లో తమిళమే. మేం వస్తే ఇబ్బందా?

మా కోశాధికారే తమిళుడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు తమిళంలో ఇస్తారు. లెక్క మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే వస్తుంది. నోటీసు బోర్డు రెండు లిపుల్లో రాస్తాం. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, సంగీత సభల్లో కూర్చుని త్యాగరాజ కృతులు వినే ఊరికి భాషల కలగలుపు కొత్తేం కాదు.

నా మటుకు నాకు, తెలుగువాళ్లే ఉండే హాలు ఇక్కడ నిలవదనిపిస్తుంది. నీళ్ల లారీ వచ్చేది తెలుగువాళ్ల ఇంటికి వేరుగా, తమిళుల ఇంటికి వేరుగా కాదు కదా.

ఎవరి హాలు అది? అంటే... మీరంతా ఏ వైపువాళ్లు?

ఈ ప్రశ్న ఎవరూ సూటిగా అడగరు. "ఇంటిపేరేమిటండీ?", "గుంటూరు వైపా, చిత్తూరు వైపా?" అని చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. చెన్నైలో మనవాళ్ల సత్రాలు, హాస్టళ్లు, కల్యాణ మండపాలు చాలావాటిని ఒక్కో కులంవాళ్లు తమ వాళ్లకోసం కట్టుకున్నారు, ఆ అలవాటుతో అడుగుతారు. మా సభ్యత్వ కాగితంలో నాలుగే గడులు: పేరు, వీధి, ఫోను, రక్తం గ్రూపు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లలో కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలు ఎన్నో. ఆది ఆంధ్రులు. ఐటీ కంపెనీలు రాకముందు, సినిమా స్టూడియోలు రాకముందు నుంచీ ఉత్తర చెన్నైలో ఉన్నవాళ్లు. మా హాలుకి రెండు వీధుల అవతలే వాళ్ల ఇళ్లున్నాయి. మొదటి నాలుగేళ్లు అక్కణ్నుంచి ఒక్కరూ రాలేదు. "మనం రావద్దనలేదుగా" అనుకుంటూ కూర్చున్నాం. రమ్మని వెళ్లి చెప్పిందీ లేదు.

చివరికి పిల్లల తెలుగు తరగతి కాగితాలు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఆ శనివారం ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చి గుమ్మం బయటే నిలబడింది. "లోపలికి రండమ్మా" అంటే "పర్లేదు మేడం, ఇక్కడే ఉంటా" అంది. గంటన్నర నిలబడే ఉంది. ఆవిడ లోపలికొచ్చి కుర్చీలో కూర్చోడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు బుధవారం తాళం ఆవిడదే. ఆలస్యంగా వస్తే నన్ను కూడా గుమ్మం దగ్గరే ఆపి అడుగుతుంది.

డబ్బు కట్టాలా?

కూర్చోడానికి అక్కర్లేదు. సభ్యులు కావాలంటే ఇంటికి నెలకు 100 రూపాయలు. ఇవ్వలేనివాళ్లు ఇవ్వరు, ఎవరు ఇవ్వలేదో బోర్డు మీద రాయం.

## వచ్చిన కొత్తలో

ఉగాదికి వస్తే అందర్నీ ఒకేసారి కలవొచ్చు కదా. ఆ రోజే రానా?

రండి, పచ్చడి పెడతాం. కానీ ఆ రోజు మీకు దొరికేది ఒక గ్లాసు, ఒక నవ్వు, "మళ్లీ కలుద్దాం" అన్న మాట. 300 మంది వస్తారు, మైకు అరుస్తుంది, నేను వంటవాళ్ల వెనక పరిగెడుతుంటాను, మీ పేరు అడిగి మర్చిపోతాను. మొదటిసారి మంగళవారం రండి. ఎనిమిది మంది ఉంటారు. ఇద్దరు పేపరు చదువుతూ, ఇద్దరు గొడవపడుతూ, ఒకరు ఫ్యాను కింద కునుకు తీస్తూ. టీ వచ్చేసరికి మీది ఏ వీధో, మీ ఇంటికి నీళ్లు ఎన్నింటికి వస్తాయో అందరికీ తెలిసిపోతుంది.

స్కూల్లో తెలుగు లేదు. మీ దగ్గర పిల్లలకి వస్తుందా?

చదవడం, రాయడం వస్తుంది. మాట్లాడటం మీ ఇంట్లోనే రావాలి, శని, ఆదివారాల గంటన్నర దానికి చాలదు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. 2015-16కి అది పదో తరగతికి చేరింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడంలో నాకేం అభ్యంతరం కనపడదు, పిల్లలు హాయిగా నేర్చుకుంటున్నారు. అయితే చాలామంది ఇళ్లల్లో తెలుగు చెవికే మిగిలింది, కంటికి పోయింది.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని మా పిల్లలు తలకట్టు దగ్గర తడబడరు గాని "బాబు"ని "పాపు" అని రాస్తారు, "కథ", "గది" కలిపేస్తారు. పాఠం చెప్పే మామ్మగారు నోటి ముందు అరచెయ్యి పెట్టుకోమంటారు. "బ అను. గాలి తగిలిందా? ఇప్పుడు భ అను." పదిమంది పిల్లలు పది అరచేతుల్లోకి "భ, భ" అని ఊదుతుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తారు. ఒక పాప మాత్రం గాలి కనపడాలని చేతిమీద బియ్యప్పిండి వేసుకుని ఊదింది. ఆ రోజు తరగతి అక్కడితో ముగిసింది.

ఊర్నుంచి మా అమ్మను తెచ్చుకున్నాం. పగలంతా ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటోంది. ఏం చెయ్యమంటారు?

"వెళ్లమ్మా, అక్కడ అందరూ ఉంటారు" అని ఒంటరిగా పంపకండి. రెండు రోజులు మీరే వెంట రండి. సెలవు పెట్టయినా రండి. మూడో రోజు గుమ్మం దాకా దింపి వెళ్లిపోండి.

ఇంకో మాట. ఆవిడను కూర్చోబెట్టి "రెస్టు తీసుకోండి" అంటే మర్నాడు రారు. ఊళ్లో ఇల్లు నడిపిన మనిషి. చింతపండు గింజలు తీయమనండి, ఆవపిండి పాళ్లు అడగండి. కావలి నుంచి వచ్చిన ఒకావిడ మొదటి వారమంతా మాట్లాడలేదు. ఎవరో మాగాయకి ముక్కలు తరుగుతుంటే చూసి చూసి, "అలా పలచగా కోస్తే ఎండకి చిప్పలైపోతాయి, ఇటివ్వు" అని కత్తిపీట లాక్కున్నారు. అక్కణ్నుంచి ఆవిడ నోరు ఆగలేదు.

నాకు ఎవరితోనూ కలవడం అలవాటు లేదు. మూలన కూర్చుంటే ఏమనుకుంటారు?

ఏమీ అనుకోరు. మూల కుర్చీకి ఇప్పటికే పోటీ ఉంది.

## పని చెయ్యాలనిపించినప్పుడు

నాకు వారానికి గంటకి మించి వీలు కాదు. దానివల్ల ఒరిగేదేముంది?

చాలా ఒరుగుతుంది, అది ప్రతివారం అదే గంట అయితే. ఎప్పుడో ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చాకిరీ చేసి మూడు నెలలు కనపడనివాళ్లకంటే, శుక్రవారం 6 గంటలకు వచ్చి 7కి వెళ్లిపోయే బ్యాంకు అమ్మాయి మాకు ఎక్కువ పనికొస్తుంది. ఆ గంటలో ఆ అమ్మాయి చేసేది ఒకటే, పెద్దవాళ్లకి ఫోన్లలో వచ్చే బ్యాంకు మెసేజీలు చదివి పెడుతుంది. "ఈ లింకు నొక్కకండి తాతగారూ" అన్న ముక్క వారానికి నాలుగుసార్లయినా అంటుంది. శుక్రవారం ఆవిడ ఉంటుందని తెలుసు కాబట్టి ఆ మెసేజీని నొక్కకుండా దాచుకుని తెస్తారు.

ఎప్పుడు చూసినా అదే నలుగురు చేస్తుంటారు. మిగతావాళ్లను ఎందుకు రానివ్వరు?

నిజమే, అందులో మా తప్పు కూడా ఉంది. కొత్తవాళ్లు కుర్చీలు సర్దుతుంటే "ఉండండి, నేను చేస్తా" అని లాక్కునే గుణం నాకుంది. నాకు తెలిసిన పద్ధతిలోనే జరగాలనే చాదస్తం. ఒకసారి కొత్తగా చేరిన ముగ్గురు కుర్రాళ్లు సంక్రాంతి ముగ్గుల పోటీ పెడతామంటే వాళ్ల పట్టికంతా నేను దిద్దేశాను. పోటీ బాగానే జరిగింది. ఆ ముగ్గురూ మళ్లీ రాలేదు. తర్వాత ఒకడు బజార్లో కనపడి, "ఆంటీ, మీరే చేసుకుంటారు కదా, మాతో పనేముంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. పని అప్పగించాక అడిగితే తప్ప వేలు పెట్టకూడదు. పాడైతే పాడవనీ. పోయినేడు వినాయక చవితికి ఉండ్రాళ్లు రాళ్లలా వచ్చాయి. అందరం నమిలాం.

లెక్కలు ఎవరు చూస్తారు? విరాళం ఇస్తే పన్ను రాయితీ ఉందా?

నెల మొదటి ఆదివారం నల్లబల్ల మీద గత నెల జమ, ఖర్చు రాస్తాం: అద్దె, కరెంటు, నీళ్ల క్యాన్లు, పేపర్లు, ఊడ్చే ఆవిడ జీతం, టీ. బిల్లులు దారానికి గుచ్చి పక్కనే వేలాడదీస్తాం, ఎవరైనా తీసి చూడొచ్చు. సంఘం తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1975 కింద నమోదైంది కాబట్టి ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు రిజిస్ట్రారుకి దాఖలు చెయ్యాలి.

పన్ను రాయితీ ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు, 80జి అంటారు, అది ఉన్న సంస్థలకి ఇస్తేనే. మాకు ఇంకా లేదు. ఉన్నచోట ఇచ్చినా 2,000 దాటిన నగదుకి రాయితీ రాదు, చెక్కో యూపీఐయో వాడాలి. గుర్తింపు లేని సంఘం "రసీదు ఇస్తాం, రాయితీ వస్తుంది" అంటే నమ్మకండి.

పుట్టినరోజు ఫంక్షన్‌కి హాలు ఇస్తారా?

ఇస్తాం, సాయంత్రం 5 నుంచి 8 కాకుండా. ఆ మూడు గంటలు ఎంతిచ్చినా ఇవ్వం. ఒకసారి ఇచ్చాం. ఎప్పటిలా వచ్చిన పెద్దాళ్లు ముస్తాబైన పిల్లల్ని చూసి గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయారు. ఆ వారం సగం మంది రాలేదు. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకరు చట్టరీత్యా నిషేధం. ఎదురింటాయన రాత్రి షిఫ్టు డ్రైవరు కాబట్టి పగలైనా శబ్దం తగ్గించాల్సిందే.

## వీధి, వార్డు, కార్పొరేషన్

వీధి దీపం వెలగకపోతే హాలుకి చెప్పాలా, కార్పొరేషన్‌కి ఫోన్ చెయ్యాలా?

ముందు మీరే 1913కి ఫోన్ చెయ్యండి. స్తంభం మీద రాసి ఉన్న నంబరు చెప్పండి, "గుడి పక్కన" అంటే ఏ గుడి అంటారు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, దాన్ని తెచ్చి హాల్లో గోడకున్న నోటుపుస్తకంలో రాయండి: తేదీ, వీధి, సమస్య, నంబరు.

ఆ పుస్తకం చూడ్డానికి ఏమీ లేదు, ఏనుగు బొమ్మ అట్టది. కానీ ఒకే కాలవ మూత గురించి ఒక నెలలో ఏడుగురు రాస్తే, ఆ పేజీ ఫోటో తీసుకుని జోను ఆఫీసుకి వెళ్తాం. ఒక్కరు అడిగితే "చూస్తామండి" అనేవాళ్లు, ఏడు తేదీలు, ఏడు నంబర్లు చూపిస్తే కుర్చీ వేస్తారు. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో దరఖాస్తు పెట్టి ఆ ఫిర్యాదులు ఏమయ్యాయో అడుగుతాం. 30 రోజుల్లో జవాబివ్వాలి. మూత మాత్రం సాధారణంగా జవాబుకంటే ముందే వస్తుంది.

ఏరియా సభ అంటే ఏమిటి? నాకు తమిళం చదవడం రాదు, వెళ్లి ఏం చేస్తాను?

పల్లెల్లో గ్రామసభ ఉన్నట్టే నగరంలో వార్డుని చిన్న ప్రాంతాలుగా విడగొట్టి పెట్టే సభ. 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమల్లోకి వచ్చి, పెద్ద నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. తమిళనాడులో దానికి నియమాలు వచ్చింది 2022లో. ఆ ఏడు నవంబరు 1న రాష్ట్రంలో తొలి ఏరియా సభలు జరిగాయి. ఆ ప్రాంతం ఓటరు జాబితాలో పేరున్న ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. అంటే మీరు చెయ్యాల్సిన మొదటి పని ఓటు ఇక్కడికి మార్చుకోవడం. "ఓటు మా ఊళ్లోనే ఉంచుకున్నాం" అనేవాళ్లు సగం మంది. ఓటు గూడూరులో, చెత్త పెరంబూరులో ఉంటే కౌన్సిలరు ఎవరి మాట వినాలి?

భాష గురించి భయపడకండి. చదవడం రాకపోయినా మాట్లాడగలరు కదా, కూరగాయల బండి దగ్గర బేరమాడే తమిళం చాలు. నేను మొదటిసారి లేచి నిలబడ్డప్పుడు "ఎంగ తెరువుల తణ్ణి నిక్కుదు" అని ఒక్క వాక్యం బట్టీ పట్టుకుని వెళ్లాను. మా వీధిలో నీళ్లు నిలుస్తున్నాయి అని. తర్వాత ఇంజనీరు ఎదురు ప్రశ్న వేస్తే నా తమిళం అయిపోయింది. పక్కనున్న పూలమ్మే అక్క అందుకుని, ఎక్కడ మొదలవుతాయో, ఎన్ని గంటలు ఉంటాయో, ఏ ఇంటి మెట్టు దాకా వస్తాయో గడగడా చెప్పింది. ఆవిడ బండి అక్కడే కదా. అందుకే మేం ఎప్పుడూ ఇద్దరిద్దరం వెళ్తాం.

ఇవన్నీ రాజకీయాలు. మనకెందుకు చెప్పండి?

హాల్లో పార్టీ జెండా, కరపత్రం, నాయకుడి ఫ్లెక్సీ ఉండవు. ఎన్నికల నెలలో ఎవరికీ హాలు ఇవ్వం. కాలవ మూత అడగడం మాత్రం మానం.

"మనకెందుకు" అనేవాళ్లకి నేనొక సంగతి చెప్తుంటాను. టి.నగర్ అంటే త్యాగరాజస్వామి పేరు అనుకుంటారు మనవాళ్లు. అది పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. తెలుగాయన, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా చేశారు. 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టించారు, పిల్లాడికి రోజుకి అణా మించకుండా. తర్వాత రాష్ట్రమంతా, దేశమంతా నడిచిన భోజన పథకాల కథ చెప్పేటప్పుడు ఆ బడి పేరు ముందు వస్తుంది. అది తీర్మానమై పాసయింది కార్పొరేషన్ సమావేశంలో.

కార్పొరేషన్ వాళ్ల సముదాయ నల కూడం (కమ్యూనిటీ హాలు) ఉండగా వేరే హాలు దేనికి?

పెళ్లికి, సీమంతానికి అదే మంచిది, ప్రైవేటు మండపాలతో పోలిస్తే చవక. రోజూ కూర్చోడానికి అది కుదరదు. బుకింగ్ ఉన్నరోజు పెళ్లివాళ్లది, లేనిరోజు తాళం. రోజూ సాయంత్రం రెండు గంటలు వాటిని తెరిచి ఉంచాలని ఏరియా సభలో మూడుసార్లు అడిగాం. ఇంకా అడుగుతున్నాం.

## వాన ముంచినప్పుడు

వరద రోజుల్లో మీ హాలు ఏం చేసింది? అంత చిన్న గది ఏం చేయగలదు?

రెండు వానలు, రెండు రకాలు.

2015 డిసెంబరు 1న కురిసిన వానకి తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్లు పడింది. చెంబరంబాక్కం చెరువు నీళ్లతో అడయార్ నది పొంగి సైదాపేట, కోట్టూర్‌పురం మునిగాయి. మా వీధిలో మోకాలి లోతు మాత్రమే. కాబట్టి మేం వండి పంపేవాళ్లం. అప్పుడు తెలిసిన లెక్కలు ఇప్పటికీ పెరటి గోడ మీద బొగ్గుతో రాసి ఉన్నాయి: 10 కిలోల బియ్యానికి సుమారు 90 పొట్లాలు. సాంబారన్నం మధ్యాహ్నానికే పాడవుతుంది, నిమ్మకాయ పులిహోర రాత్రి దాకా ఉంటుంది. నిమ్మకాయలు దొరక్క రెండో రోజు చింతపండుకి మారాం. అరిటాకు మీద కాగితం చుట్టడం మా మామ్మలకి వచ్చు, ఐటీ కుర్రాళ్లకి రాదు. మోయడం వాళ్లకి వచ్చు. పని దానంతటదే పంచుకుంది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను. 3, 4 తేదీల్లో చెన్నైని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈసారి మునిగింది మేమే. మా వీధిలో నడుం లోతు నీళ్లు, కరెంటు లేదు, ఫోన్ సిగ్నలు లేదు. బాపట్లలో ఉన్న మా చెల్లెలు నాకు ఫోన్ దొరక్క ఏడుస్తుంటే, అదే తుపాను దాని ఇంటి మీదికి వెళ్తోంది. వాట్సాప్ గ్రూపు మూగబోయింది. హాలు అరుగు మూడడుగుల ఎత్తు కావడంతో లోపలికి నీళ్లు రాలేదు.

ఆ రెండు రోజులు పనికొచ్చింది నోటుపుస్తకమే. ఏ ఇంట్లో మంచం పట్టినవాళ్లున్నారు, ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఏ ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఇదంతా వారం వారం టీ తాగుతూ తెలిసి అందులో రాసుకున్న సంగతి. సాయానికి పడవ వచ్చినప్పుడు "ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగితే ఆరు ఇళ్ల పేర్లు వరసగా చెప్పగలిగాం. బుధవారం తాళం ఆవిడ భర్త, కార్పొరేషన్ కార్మికుడు, నడుం లోతు నీళ్లలో కర్రతో తడుముతూ తెరిచి ఉన్న మాన్‌హోళ్ల దగ్గర వేపకొమ్మలు పాతి వచ్చాడు. ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకి తప్ప మా ఎవరికీ తెలియదు.

నీళ్లు వచ్చినప్పుడు హాలుకి ఏం పట్టుకురావాలి?

మందులు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో, ఫోన్ చార్జరు, ఒక దుప్పటి. బంగారం తేవద్దు, కాపలా కాయలేం.

## మీ పేటలో మొదలుపెట్టాలంటే

మా వైపు ఇలాంటిది ఏమీ లేదు. స్థలం కొనాలా?

కొనకండి. మేం మొదటి ఏడాదిన్నర ఒకరి వరండాలో, ఆ తర్వాత ఒక బడిలో సాయంత్రాలు నడిపాం. పెద్ద లేఅవుట్లు వేసినప్పుడు పదో వంతు స్థలం ఓఎస్ఆర్ (ఖాళీగా వదలాల్సిన స్థలం) కింద కార్పొరేషన్‌కి ఇస్తారు. అది పార్కుకి, ఆటస్థలానికి ఉద్దేశించింది, అక్కడ హాలు కడదామని వెళ్లకండి. పార్కులో బెంచీలు వేసుకుని కూర్చోడానికి ఎవరూ కాదనరు, వాన లేని నెలలకి అది చాలు.

భవనమే కావాలంటే "నమక్కు నామే" (మనకి మనమే) అనే ప్రభుత్వ పథకం ఉంది. ప్రజలు మూడో వంతు వేసుకుంటే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. కట్టాక అది కార్పొరేషన్ ఆస్తి, తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందే రాతలో పెట్టుకోండి.

ఎంతమంది కావాలి? వెంటనే రిజిస్టర్ చెయ్యాలా?

నమోదుకి కనీసం ఏడుగురు. కానీ ఏడు సంతకాలు సంపాదించడం తేలిక. వారంలో ఏడు రోజులకి ఏడుగురు మనుషులు దొరకడం కష్టం. ఆరు నెలలు ఊరికే నడపండి. బ్యాంకు ఖాతా తెరవాల్సిన రోజు వచ్చినప్పుడు రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లండి.

మొదటి ఏడాది జోరుగా ఉండి తర్వాత ఆగిపోతుందని భయం

చాలా ఆగిపోతాయి. ఎక్కువగా చూసింది ఇలాగే: ఒక దాత, ఒక బోర్డు, ఒక ప్రారంభోత్సవం, ఆ తర్వాత బూజు.

నిలిచింది చూడాలంటే అడయార్ వెళ్లి చూడండి. 1937లో దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టినప్పుడు చేతిలో భవనం లేదు. చదువు ఆగిపోయిన ఆడవాళ్లని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకి పాఠాలు చెప్పించారు. వాళ్లకి కావలసింది ఒక సర్టిఫికెట్టు, ఒక ఉద్యోగం, దాన్ని పట్టుకున్నారు. ఆస్పత్రి, కాలేజీలు ఆ తర్వాత. మీ పేటలో ఎవరికి ఏది ఆగిపోయిందో కనుక్కుని అక్కడ మొదలుపెట్టండి. మా దగ్గర బీపీ మిషనుతో మొదలైంది.

ఇప్పుడు వస్తే తెరిచి ఉంటుందా?

సాయంత్రం 5 తర్వాత రండి. తాళం వేసి ఉంటే పక్కనే ఇస్త్రీ బండి అన్నను అడగండి, ఆ రోజు తాళం ఎవరిదో ఆయనకి తెలుసు. గురువారం తప్ప. కిందటి నెల దాకా గురువారం చూసినాయన కూతురి దగ్గరికి వైజాగ్ వెళ్లిపోయారు. ఆ తాళానికి ఇంకా మనిషి దొరకలేదు.